తొట్టి మీద పసుపు లైటు

చేపల తొట్టికి ఏ లైటు కొనాలని ఎవరైనా అడిగితే తెల్లది కొనమంటాను. ఎందుకని అడిగితే మాట మారుస్తాను. ఇక్కడ మాత్రం చెప్పాలి. నా భార్య చనిపోయి ఏడాది దాటింది. ఆమె జబ్బు ఆలస్యంగా బయటపడింది. అందుకు ఒక కారణం నేను కొన్న లైటు.

నేను సిరిసిల్లలో అద్దకం పని చేస్తాను. మరమగ్గాలకు పోయే నూలుకు రంగు వేయడం ఇరవై ఏళ్లుగా నా బతుకు. రంగు కుదిరిందా లేదా అన్నది బల్బు కింద చూడకూడదు, మా పనిలో మొదటి పాఠం అది. నూలు ఆరబెట్టి, బయటికి తీసుకెళ్లి, ఎండలో నమూనా పక్కన పెట్టి చూడాలి. "లైటు కింద రంగు జూసినోడు మునిగిండు" అనేవాడు నాకు పని నేర్పిన పెద్దాయన. కొత్తగా చేరినవాళ్లను నేనూ ఆ మాటతోనే తిట్టేవాణ్ణి.

తొట్టి మా వదినెది, అంటే నా భార్య అక్కది. కోరుట్లలో ఇల్లు మారుతూ చేపలతో సహా మాకిచ్చింది. దాని లైటు ఎప్పుడో కాలిపోయింది. తొట్టి తెస్తూ దారిలో జగిత్యాలలో చేపలమ్మే దుకాణానికి నేనూ నా భార్యా వెళ్లాం. తొట్టి అంచుకు తగిలించే తెల్ల లైటు చూపించాడు దుకాణదారు. మొక్కలు కూడా పెరుగుతాయన్నాడు, ఎక్కువసేపు వేస్తే మాత్రం నాచు పడుతుందన్నాడు. ధర వినగానే నాకు ఒళ్లు మండింది.

"మనం చాపలను సాదుతున్నమా, వాటికి పెండ్లి చేస్తున్నమా?" అన్నాను ఆమెతో. ఆమె నవ్వింది. పక్క వీధిలోని కరెంటు సామాన్ల కొట్టులో, పండుగలకు గుమ్మానికి కట్టే పసుపు లైట్ల పట్టీ చౌకగా దొరికింది. ఇంటికి తెచ్చి తొట్టి గాజు మూత మీద అంటించాను. ఎర్ర చేపలు ఆ వెలుగులో బంగారంలా మెరిశాయి.

"గీ లైటుకు మన ఇల్లు సుత మంచిగ కొడ్తున్నదయ్యా" అంది ఆమె.

మాది ఒకటే గది. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు తెరుచుకుంటుంది, పగలు కూడా చీకటే. నాచు పట్టినా సరే ఆ లైటు ఆపేవాళ్లం కాదు. ట్యూబులైటు మానేసి ఆ వెలుగులోనే ఆమె వంట చేసేది, బీడీలు చుట్టేది. ఆర్డర్లు ఎక్కువై నేను ఆదివారాలు కూడా తెల్లారకముందే వెళ్లి పొద్దుపోయాక వచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో ఆమెను నేను చూసిందంతా ఆ లైటు కిందే.

వానాకాలంలో ఆమెకు అన్నం సయించకుండా పోయింది. గడప దాటడానికి ఓపిక లేక, చుట్టిన బీడీలు పక్కింటామెతో పంపేది. "నీరసమేనయ్యా, తగ్గుతది" అంటే సరే అన్నాను. ముఖంలోకి చూశాను కూడా. బాగానే ఉందనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. మా ఇంట్లో లోకమే పచ్చగా ఉండబట్టి కామెర్లు కనబడలేదు.

నూలు రాక నాకు పని లేని ఒక రోజు వదినె వచ్చింది. తల దువ్వుతానని చెల్లెలిని అరుగు మీద ఎండలో కూర్చోబెట్టింది. అంతలోనే కేక వేసింది.

"ఓ మర్దీ, గిట్ల రా! దీని కండ్లు జూసినవా? పసుపు పూసినట్టున్నయి. నువ్వు ఇంట్లనే ఉంటున్నవా అసలు?"

వెళ్లి చూశాను. ఎండలో చూడగానే నాకు తెలిసిపోయింది. ఒక్కసారి ముంచితే ఎక్కే రంగు కాదు అది. ఎన్నో రోజులుగా ఎక్కుతూ వచ్చింది. భయం కంటే ముందు సిగ్గు వేసింది నాకు.

అప్పటికప్పుడు దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు నన్నే అడిగాడు, కళ్లు పచ్చబడి ఎన్ని రోజులైందని. నేను వెనక్కి రోజులు లెక్కపెట్టసాగాను. మంచం మీది నుంచి ఆమె అందుకుంది.

"నిన్నటి సంది సార్. మా ఆయన రంగుల పనే చేస్తడు. అంతకు ముందుగాలనే అయితే గాయనకు తెల్వకుంట ఉంటదా?"

డాక్టరు నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ కళ్లలో కోపం లేదు, పదిమందిలో నా మాట పోకూడదన్న ఆత్రం ఉంది. నేను అవునన్నాను. డాక్టరు అలాగే రాసుకున్నాడు.