పండు తుడిచే బొటనవేలు

పండు చేతికిచ్చే ముందు బొటనవేలితో గట్టిగా రుద్ది తుడవడం మా పక్కింటాయన అలవాటు. శుభ్రత అనుకునేవాణ్ని.

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఇద్దరం ఒకే వసంతంలో ఆప్రికాట్ మొక్కలు నాటాం. లైబ్రరీలో తోటల పుస్తకాలన్నీ చదివి, మంచు తగ్గాక ఆలస్యంగా పూసే రకం నేను తెచ్చాను. విరగకాస్తుందని పేరున్న, తొందరగా పూసే రకం ఆయన తెచ్చారు. నా చెట్టుకు గుప్పెడు పళ్లు, అవీ పుల్లన. ఆయన మాత్రం ఏటా ఎత్తైన చెక్క కంచె మీదుగా గిన్నెడు తియ్యటి పళ్లు అందించేవారు.

"ప్రొఫెసర్ గారూ, బుక్స్ పక్కన పెట్టి ఇవి టేస్ట్ చేయండి!"

చివరికి పుస్తకాల మీద నమ్మకం పోయి, నా చెట్టు కొట్టేసి ఆయన రకమే నాటాను. అది ఈ ఏడే మొదటిసారి పూసింది. మార్చి మంచుకు పూతంతా నల్లబడి రాలిపోయింది.

అయినా జూన్‌లో ఆయన గిన్నె వచ్చింది. పైనున్న పండుకు దుకాణం స్టిక్కర్ అంటుకునే ఉంది. నేను చూడటం గమనించి ఆయన బొటనవేలు దాని మీదకు వెళ్లింది.

"మీ చెట్టు ఎప్పుడైనా కాసిందా?"

"లేదండీ, ఏటా మంచుకే పోతుంది. సరదాకి కొని తెచ్చేవాణ్ని," అని నసిగారు. "మీరు నిజంగా చెట్టు కొట్టేస్తారనుకోలేదు."

ఆ రోజు రంపం ఇచ్చింది ఆయనే.