ఓబన్న పెండ్లాం చెప్పిన మాట

అక్కా, పత్రికకు పంపే వార్తలు మా ఆయన చెబితే రాసిపెట్టడమే తప్ప నా మాట ఏనాడూ రాయలేదు. ఈ రోజు జరిగింది కడుపులో దాచుకోలేక రాస్తున్నాను.

భూస్వామి పంపిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, "కూలి ఓబన్న మిద్దె మీది నుంచి జారిపడి మరణించాడు" అని మా ఆయన వార్త చెప్పారు. నా కలం ఆగిపోయింది.

"గొడ్డలితో నరికినారని పొద్దున ఓబన్న పెండ్లాం మనతో చెప్పింది కదండీ?"

"ఏందమ్మా, ఇన్నాళ్లూ మా పెద్దాయన చెప్పిందే కదా వార్త!" అన్నాడు వచ్చినవాడు.

మా ఆయన వచ్చినవాడి వైపు తిరిగారు. "ఇద్దరి మాటా రాయాలంటాండాడప్పా కొత్త ఎడిటరు" అని అతనితో అని, "ఆ యమ్మ చెప్పింది గూడా రాయి" అన్నారు నాతో.

"రాయండి మామా. రేపు మేమూ చదువుతాం" అని అతను లేచాడు.

వార్త జమ్మలమడుగు బస్సులో వెళ్లిపోయింది. ఆయన క్షేమమే రోజూ దేవుణ్ణి అడిగే నేనే ఆయనను ముందుకు తోశాను. నువ్వైతే ఏం చేసేదానివి? ఈ ఉత్తరం దాచు, బావకు కూడా చూపకు.