కింద రెక్కల విమానం, బాపు ఫోను

మొన్న నేను విమానం దించుడు చూసినోళ్లు ఇంకా నవ్వుతనే ఉన్నరు. నాకు సిగ్గూ అయితాంది, గర్వమూ అయితాంది. ఎట్లనో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

మాది మోత్కూర్. బాపు ముప్పై ఏండ్లు మార్కెట్ల వడ్ల బస్తాలు మోసిండు. నేనిప్పుడు ఫ్లయింగ్ స్కూల్ల పిల్లలకు విమానం నడుపుడు నేర్పిస్త. మా స్కూలుకు కొత్త విమానం కొనాలె. చూసి చూసి ఆఖరికి రెండు మిగిలినయి. రెండూ ఒక్క ఇంజన్‌వే, కారుకున్నట్టు పిస్టన్ ఇంజనే, కానీ మస్తు తాకత్ ఉన్నయి. ఒకదానికి రెక్కలు మీదికుంటయి, చక్రాలు ఎప్పుడూ బయటనే ఉంటయి. ఇంకోదానికి రెక్కలు కిందికుంటయి. అది గాల్లకు లేవంగనే చక్రాలను కడుపులకు ముడుచుకుంటది. స్పీడ్ అంటే దానిదే.

"రెండూ నడిపి చూడమ్మా. నువ్వు ఏదంటే గదే కొందం" అన్నడు మా స్కూలు ఓనర్ సార్. గంత మాట నన్ను అంతకుముందు ఎవ్వరూ అనలే. కానీ నా మనసు అప్పటికే కింద రెక్కలదాని మీద పడ్డది.

వెనక సీటు ఖాళీగుంటదని, సార్‌ను అడిగి బాపును తోలుకపోయిన. బాపు ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చి, రెండు విమానాల చుట్టూ తిరిగి, అమ్మెటోళ్ల పైలట్‌ను అడిగిండు: "గీ రెండిట్ల ఏది ఎక్కువ బరువు మోస్తది సార్?"

మా స్కూలు పిల్లలు కిసుక్కున నవ్విండ్రు. పైలట్ నవ్వలే. "అడగాల్సిందే అడిగినవు పెద్దాయనా. రెక్కలు మీదికున్నదే" అన్నడు. నా ఛాతీ ఉబ్బింది.

మొదలు గదే నడిపిన. మంచిగ లేచింది, మంచిగ దిగింది. రెండోది ఎక్కినంక ఉన్నది కత. "బాపూ, గదిగో భువనగిరి గుట్ట" అన్న. బాపు కండ్లద్దాలు తీసి పెట్టుకునేసరికి గుట్ట వెనకకు పోయింది.

గంత స్పీడుదాన్ని దించాలంటే దూరంకెల్లే నెమ్మది చేసుకుంట రావాలె. నేనేమో బాపుకు చెరువులు చూపించుకుంట కూసున్న. రన్‌వే కనవడేసరికి ఎత్తూ ఎక్కువే, స్పీడూ ఎక్కువే. పవర్ మొత్తం తగ్గించిన. వెంటనే కుయ్యికుయ్యి అని ఒకటే సప్పుడు.

"బాపూ, ఫోన్ బంద్ చెయ్యమన్న గదా."

"ఫోన్ ఇంట్లనే మర్చిపోయిన బిడ్డా."

పక్కన కూసున్న పైలట్ చక్రాలు దింపే మీట దిక్కు వేలు చూపెట్టిండు. చక్రాలు ఇంకా కడుపులనే ఉన్నయి. అవి లేకుంట దిగుతున్నవని విమానమే మొత్తుకుంటాంది. ఉన్న స్పీడుకు అప్పుడు వాటిని దింపరాదు కూడా. కింద నా దగ్గర నేర్చుకునే పిల్లలంతా నిలబడి చూస్తున్నరు. పవర్ ఇచ్చి మళ్ల పైకి లేపిన. ఒక చుట్టు తిరిగి, నెమ్మది చేసి, చక్రాలు దింపి, అప్పుడు దిగిన.

సీదా సార్ రూంలకు పోయిన. "రెక్కలు మీదికున్నదే కొందం సార్. రెండోదాంట్ల చక్రాలు నేనే మర్చిన. నేర్చుకునే పిల్లలు మరువరా?"

సార్ రెక్కలు మీదికున్నదాని కాగితాలు ముందటికి తీసుకున్నడు. "నిన్ను అడిగి మంచి పని చేసిన" అన్నడు. గా ఒక్క మాటకు, పడ్డ సిగ్గంతా సగమైంది.

ఆదివారం మోత్కూర్ పోయిన. హోటల్ ముందట బాపు నలుగురిని కూసోబెట్టుకొని చెప్తున్నడు: "అందరిని ఒక్కసారే దించుతరు. నేనున్న అని, నా బిడ్డ దిగినట్టే దిగి, మళ్ల లేపి, ఇంకో చుట్టు తిప్పి చూపెట్టింది."

అందుల ఒక పెద్దమనిషి నా దిక్కు తిరిగి, "నిజమేనా అమ్మా?" అని అడిగిండు.

సార్ ముందట నిజం చెప్పనీకి ధైర్యం వచ్చింది గానీ, గా హోటల్ ముందట రాలే.

"అవు పెద్దబాపూ" అన్న. "బాపు ఉన్నడనే తిప్పిన."