నాయుడుపేట బస్సులో మా ఇంగ్లీషు

నాయుడుపేట దగ్గర మేము పనిచేసే ఫ్యాక్టరీకి విదేశీ ఇంజనీర్లు రావడం మొదలైంది. వాళ్లు ఎదురుపడితే పక్కకి తప్పుకోవద్దని, ఇంగ్లీషులో నాలుగు మాటలు కలపాలని చెప్పి మేనేజరు గారు చెన్నై నుంచి ఒక టీచరమ్మను పిలిపించారు. షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో క్లాసు. నేను స్టోర్స్‌లో, అక్క ప్యాకింగులో. అక్కంటే తోడబుట్టింది కాదు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంటి మనిషి, నాకంటే బాగా పెద్దది. నేను బుచ్చిరెడ్డిపాలెం వైపు వరిపొలాల్లో పెరిగి, సూళ్లూరుపేటకు కోడలిగా వచ్చాను. ఇద్దరిదీ రోజూ ఒకే బస్సు.

"కొత్తవాళ్లతో వాతావరణం గురించి మాట్లాడండి. తిండి, పిల్లలు, జీతం, పెళ్లి జోలికి పోవద్దు" అంది టీచరమ్మ.

"ఇంక మిగిలిందేముండాది?" అని అక్క నా చెవిలో గొణిగింది.

ఇంట్లో ప్రాక్టీసు కుదరలేదు. నేను నోరు తెరిస్తే మా అమ్మాయి చెవులు మూసుకునేది. అక్క ఇంట్లోనూ అదే వరస. సరే, బస్సులోనే మాట్లాడుకుందామనుకున్నాం.

"టుడే వెరీ హాట్" అన్నాను మర్నాడు పొద్దున.

"యెస్టర్డే ఆల్సో హాట్."

"టుమారో?"

"టుమారో ఆల్సో."

వాతావరణం అయిపోయింది. నాయుడుపేట ఇంకా చాలా దూరముంది. అక్క కాసేపు కిటికీలోంచి చూసి, ఉన్నట్టుండి గట్టిగా అడిగింది: "వాట్ కర్రీ?"

"బ్రింజాల్. యూ?"

"స్మాల్ ఫిష్. ఫుల్ టామరిండ్. మై హస్బెండ్ ఈట్, ఈట్, నో టాక్."

ఇద్దరం పడీపడీ నవ్వాం. వెనక సీట్లో, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకాయన ముందుకు వంగాడు. "రాని భాష ఎందుకమ్మా, పరువు పోగొట్టుకునేదానికి? గ్రామరంతా తప్పు" అన్నాడు. బస్సులో నలుగురూ నవ్వారు. నా ముఖం వేడెక్కింది. పక్కన అక్క తల వంచుకుంది. అది చూశాకే నాకు కోపం వచ్చింది.

"అన్నా, మేం మాట్లాడింది మీకు అర్థమైందా లేదా?"

"అయింది. అయినా..."

"వంకాయ కూరని తెలిసిందా? చేపలని తెలిసిందా?"

"తెలిసింది."

"అయితే చాలు. గ్రామరు మెల్లిగా నేర్చుకుంటాం. తప్పుల్లేకుండా వచ్చిందాకా నోరు మూసుకోమంటే ఇంక ఈ జన్మలో తెరిచేది లేదు." అక్క వైపు తిరిగి ఇందాకటి కంటే గట్టిగా అన్నాను: "అక్కా, టెల్. వాట్ ఫిష్?"

అక్క తలెత్తింది. ఇంగ్లీషు పేరు ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. "నెత్తళ్లు!" అంది బస్సంతా వినబడేలా. "నా చేపను నేను నెత్తళ్లనే అంటా. కావాలంటే ఆ ఇంజనీర్లే నేర్చుకుంటారు."

ఆ రోజు నుంచి మేం గొంతు తగ్గించలేదు. నవ్వేవాళ్లు నవ్వారు.

క్లాసుల చివర పరీక్ష పెట్టారు. అక్క పాసైంది. నేను తప్పాను. ఎండ గురించి అడిగితే ఒక్క మాటలో చెప్పి, "మేడమ్, యూ ఏట్?" అని అడిగాను. వద్దన్నది అడిగానని టీచరమ్మ మార్కులు కోసింది. మా వైపు పలకరింపంటే 'తిన్నారా' అని అడగడమేనని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. నేనూ వెనక్కి తగ్గలేదు.

పోయిన వారం స్టోర్స్‌కి ఒక విదేశీ ఇంజనీరమ్మ బోల్టుల కోసం వచ్చింది. మనిషి బాగా అలసిపోయి ఉంది. "యూ ఏట్?" అన్నాను. ఆగి నా వైపు చూసింది. "నో. టూ మచ్ వర్క్" అని, వాళ్లమ్మ చేసే సూపు గురించి తడుముకుంటూ ఏదో చెప్పింది. ఇంగ్లీషు ఆమెదీ కాదు, నాదీ కాదు. ఆమెకూ మాట మాటకీ వెతుక్కోవాల్సి వస్తోంది. అయినా ఆపలేదు. నాకు సగం అర్థమైంది. మిగతా సగం ఈసారి వచ్చినప్పుడు అడుగుతాను.