మజ్జిగ డబ్బా, మా వదిన కాపలా

తెలంగాణ వచ్చిన ఆ కొత్త రోజుల్లో నాకున్న ఆస్తులు రెండే: ఎకరన్నర పత్తి చెలక, కోతలు కోస్తానని ఊరు పెట్టిన ‘గప్పాల మామ’ అనే పేరు. మొదటిదాన్ని పురుగు తినేది, రెండోది మాత్రం ఏటా ఏపుగా పెరిగేది. (పేరు అబద్ధం కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోమంటే కొట్లాటకు దిగేవాణ్ని.) మర్రిగూడ దగ్గర మా ఊరి బడి వెనక పెద్ద మేడం కూరగాయల తోట పెట్టించి, శనివారాలు పిల్లలకు సాగు నేర్పేవాళ్లు కావాలంటే, అందరికన్నా ముందు చెయ్యి లేపింది నేనే. కూలీ లేదు, చాయ్ కూడా లేదు. అలాంటి నా చేతిలో ఆమె ఏం పెట్టిందో తెలుసా? ఒక కాగితం! తల్లిదండ్రుల సంతకం లేనిదే పిల్లలను తోటలోకి రానివ్వొద్దట. గడ్డపార, కొడవలి వాళ్ల చేతికివ్వొద్దట. బోరు నీళ్లు మొక్కలకే గాని పిల్లలు తాగొద్దట (ఇది న్యాయమే, మా ఊరి పళ్లు చూస్తే ఫ్లోరైడ్ సంగతి తెలుస్తుంది). తినేది, తాగేది ఏది తెచ్చినా ముందు ఆమెకు చూపించాలట. అన్నిటికన్నా మండిపోయిన మాట చివరిది: పిల్లల దగ్గర ఏ పెద్దమనిషీ ఒక్కడే ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరుండాలి.

“నేనేమన్న పిల్లలనెత్తుకపొయ్యేటోన్నా మేడం?” అని గొంతు చించుకున్నాను. “మీ మీద అనుమానం కాదన్నా. రూలు అందరికీ ఒక్కటే, నాక్కూడా” అని, ఆ రెండో మనిషిని ఆమే పిలిపించింది. ఎవరిని? మా సొంత వదినను! మా అన్న పెళ్లయిన నాటి నుంచి నా ప్రతి గప్పానూ పొట్టు చెరిగి పెట్టిన మనిషిని. చిక్కుడు గింజ ఎంత లోతున పెట్టాలో చూపిస్తూ, మా తాత కాయించిన ఆనపకాయ బుర్రలో రెండు మేకలు వానాకాలమంతా తలదాచుకున్నాయని నేను చెబుతుంటే, కలుపు తీస్తున్న మా వదిన తలైనా ఎత్తకుండా “మేకలు గాదు, కోడిపిల్ల. కాలమంత గాదు, ఒక్క వాన” అనేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. మీరే చెప్పండి, ఆ కాపలా పిల్లలకా, నా కథలకా?

ఎండలు ముదిరాయి. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు పదింటికే ఖాళీ అవుతుంటే ప్రాణం ఊరుకోక, ఒక శనివారం అయిదు లీటర్ల డబ్బా నిండా మజ్జిగ తెచ్చాను. చల్లగా ఉండాలని తడి గోనె చుట్టాను. మేడంకు చూపించలేదు. మజ్జిగకూ పర్మిషనా? పిల్లలు గ్లాసులతో వరుసగా నిలబడ్డారో లేదో, మా వదిన వచ్చి గోనె లాగి, నా చేతిలోని ఎర్ర మూత చూసి, డబ్బా మూతిని అరచేత్తో మూసేసింది.

“ఎవ్వలు తాగొద్దు! మరిదీ, గిది పోయినేడు పత్తికి కొట్టిన పురుగుల మందు డబ్బ గాదా?”

“చింతపండు, బూడిద పెట్టి మూడుసార్లు తోమిన వదినా! పదేండ్ల సంది చెలకల గిసొంటి డబ్బల నీళ్లే తాగుతున్న. సచ్చిన్నా?”

నిజానికి మా దగ్గర పత్తి పెట్టే ఇళ్లన్నిటా అదే పద్ధతి. మందు అయిపోతే అది నీళ్ల డబ్బా. ఆ అరుపులకు పెద్ద మేడం పరుగున వచ్చింది. “పిల్లలకు నా కథలంటె పానమని గీమెకు కుళ్లు మేడం!” అన్నాను. మేడం మాత్రం మెల్లగా “ఒక్క పిల్లకు పోసినా మీరు మళ్లీ ఈ తోటలో అడుగు పెట్టొద్దన్నా” అంది. నన్నా? తోటలోకి రావద్దని నన్నా? “ఇగో, నేనే తాగి సూపిస్త!” అని డబ్బా లాక్కుని ఎత్తాను.

“మామా,” అంది వరుసలో ముందున్న పిల్ల, “నీకేమన్న అయితె మేకల కథ మల్ల ఎవలు చెప్తరు?”

అప్పటికే డబ్బా ముక్కు దాకా వచ్చింది. పుల్లటి వాసన కింద ఇంకో వాసన, సన్నగా, ఘాటుగా. కొత్తదేం కాదు. పదేళ్లుగా చెలకలో నీళ్లు తాగినప్పుడల్లా వచ్చేదే. దాన్ని నేను మా చెలక వాసన అనుకున్నాను. డబ్బా దించేశాను. మా వదిన కొంగుతో చెయ్యి తుడుచుకోబోయి, ఆగి, సబ్బుతో కడుక్కుని వచ్చి, తన సీసా నా చేతిలో పెట్టింది. “తాగు. దీన్ని తోమే పని లేదు.” సాయంత్రం ఇంటికి పోయి, అలాంటి డబ్బాలు ఇంకా నాలుగుంటే గడ్డపారతో తూట్లు పొడిచాను. కోపం మేడం మీదో, వదిన మీదో, నా మీదో, ఆ గడ్డపారకే తెలియాలి.

ఇప్పుడు తోట గేటు దగ్గర ఆ రూళ్ల కాగితం పట్టుకుని కూర్చునేది నేనే. మొన్న సాయం చేస్తానని వచ్చిన ఒక యువకుడు దాన్ని చదివి ఎర్రబడి, “నేనేమన్న దొంగనా మామా?” అన్నాడు. ఆ మొహం ఒకప్పుడు అద్దంలో చూసినట్టే ఉంది. “దొంగవు గాదు బిడ్డా. నేను గూడ గాదు. సంతకం పెట్టు” అన్నాను.

పిల్లలు మజ్జిగ డబ్బా కథ అడిగారు. “గా డబ్బ తాటిచెట్టంత ఉండె...” అని మొదలుపెట్టి ఆగాను. మా వదినకు మోకాళ్ల నొప్పులు, ఈ మధ్య కొన్ని శనివారాలు రావడం లేదు. ఇవాళ వచ్చిందో లేదోనని చిక్కుడు పందిరి వైపు చెవి పెట్టాను.

“అయిదు లీటర్లు” అని పందిరి కింద నుంచి వదిన గొంతు వినిపించింది. అప్పుడు గాని మిగతా కథ చెప్పబుద్ధి కాలేదు.