సీటు వచ్చింది, దారి రాలేదు

ఇరవైల్లో ఉన్నప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. "దీన్ని యాడికన్నా దూరంగా పంపితే మనం బతుకుతాం" అనేది మా అమ్మ. దూరం పోలేదు కానీ, మా ఊరు చింతామణిలోనే ట్యూషన్లు చెప్పుకుంటూ, పాలస్తీనా పిల్లల్ని విదేశీ యూనివర్సిటీల ఇంటర్వ్యూలకి ఫోనులో తయారుచేసే పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. (జీతం లేదు. అందుకే కాబోలు, ఎవరూ నన్ను మాన్పించలేదు.) నాకు అప్పజెప్పిన పాప అక్కడి వెస్ట్ బ్యాంక్ ప్రాంతంలో ఒక టొమాటో రైతు కూతురు. పంట తెగుళ్ల గురించి చదవాలని ఆశ. సీటూ స్కాలర్‌షిప్పూ ఆ ఒక్క ఇంటర్వ్యూ మీదే ఆధారపడి ఉన్నాయి.

మా ఊరి పిల్లలకి నేర్పేదే ఆమెకీ నేర్పాను: నిటారుగా కూర్చో, ప్రతి మాటకీ 'సార్' తగిలించు, పెద్దవాళ్లు ఏమన్నా ఎదురు చెప్పకు. రిహార్సల్‌కి టొమాటో మండీ నడిపే మా మామకి ఇస్త్రీ చొక్కా వేయించి ఫోను ముందు కూర్చోబెట్టాను. ఆయన తెలుగులో అడగడం, నేను ఇంగ్లీషులో చెప్పడం. మొదటి ప్రశ్న ఆయన సొంతం: "తింటివామ్మా?" (ఏ యూనివర్సిటీవాళ్లు అలా అడుగుతారు, చెప్పండి!) రెండోది నేను మామకి నేర్పించింది: చదువయ్యాక మీ ఊరికి తిరిగిపోవు కదా? పాప వినయంగా "యెస్ సార్" అంది.

మామకి ఒళ్లు మండింది. "సొంతూరికి పోనంటాదేమే? ఈ పాప తోట యాడుండాది?"

పాపని అడిగి చెప్పాను. తోట, వాళ్ల ఊరికి అడ్డంగా సైన్యం వేసిన కంచెకి అవతల ఉంది. పోవాలంటే సైనికుల అనుమతి కావాలి. ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు.

"సొంత తోటలోకి పోయేదానికి పర్మిషనా! ఎవుడే వాడు ఇచ్చేది?" మామ బల్ల గుద్దాడు. ఫోను బోర్లా పడింది.

"ఆ పాపకి పోవాలనే ఉండాది మామా. పెద్దోళ్లకి ఎదురు చెప్పొద్దని నేనే నేర్పిస్తి."

"బాగా నేర్పిస్తివి పో! అన్యాయం చేసేవాళ్లు నోరు మూసుకోమంటాండారు, నువ్వూ అదే చెప్తాండావు. ఎదురు చెప్పమను!"

ఫోను లేపి చూస్తే పాప నవ్వుతోంది. మామ మాటలు అర్థం కాలేదు, కోపం మాత్రం బాగా అర్థమైంది.

అసలు ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. "పోతాను. ఎందుకు పోను? తోట అక్కడే ఉంది" అందట, 'సార్' కూడా మరిచిపోయి. సీటు వచ్చింది. మామ మండీ అంతా మైసూరుపాకు పంచాడు.

ఆ తర్వాత ఆ సైన్యమే దేశం దాటే దారి మూసేసింది. యూనివర్సిటీలో క్లాసులు మొదలయ్యాయి, పాప ఇంట్లోనే ఉంది. పాపని పోనివ్వమని అక్కడి అధికారులకి నేను రాసిన ప్రతి మెయిలుకీ 'పరిశీలనలో ఉంది' అని ఒకటే జవాబు. ఏం పరిశీలిస్తారు? టొమాటో ఆకు ఎందుకు ముడుచుకుంటుందో చదువుతానన్న ఆడపిల్ల వల్ల ఎవడి కొంప మునుగుతుంది? యూనివర్సిటీ మరుసటేడు దాకా ఆగింది. అప్పుడూ దారి తెరవలేదు. సీటు ఇంకొకరికి పోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతున్నాను.

సీటు వచ్చిన రోజు నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. చింతామణి దాటి చలి ఎరగని నేను, అక్కడ మంచు పడుతుంది, మందపాటి కోటు కొనుక్కో అని గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఎదురు చెప్పకుండా కొనుక్కుంది. మొన్న ఫోను చేసింది. ఆ కోటు ఇప్పుడు వాళ్ల చెల్లెలికి సరిపోతోందట.