తడి చెప్పిన కాగితం పువ్వు

మా పాత పక్కింటి సైన్సు సారు పోయారని ఆదిలాబాదు నుంచి కార్డు వచ్చింది. రెండు ముక్కలే రాశారు. చదివి బల్ల మీద పెట్టాను, తీశాను, మళ్ళీ చదివాను. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి పదేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో కాలు నిలవక మరునాడే బస్సెక్కాను.

నేను కొత్త కోడలిగా ఆ ఊరికి వెళ్ళేనాటికి హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాది కాలేదు. ఉర్దూలో నేర్చుకున్న పాఠం తెలుగులో చెప్పాల్సి వచ్చి, సారు సగం పాఠం చేతులతోనే చెప్పేవారట. ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. చాయ్ కూడా నడుస్తూనే తాగేవారు.

ఒక సెలవు రోజు పెరట్లో ఆయన ఏదో నల్లటి పొడిని ఆసిడ్‌లో వేసి కాచారు. గాజుకు నీలం రంగు తెప్పించే పొడి అట. ముక్కు పగిలే వాసన పోయాక గిన్నెలో గులాబి నీళ్ళు మిగిలాయి.

"గిది కోబాల్ట్ క్లోరైడ్, బిడ్డా. తడి తగిల్తే గులాబి, ఎండితే నీలం. జర సూడు."

కాగితం పువ్వును అందులో ముంచి పొయ్యి సెగకు పెడితే నా కళ్ళ ముందే నీలమైంది. దాన్ని మా వంటింటి కిటికీకి ఎదురుగా, వాళ్ళ గోడ మీద మేకుకు తగిలించారు.

పువ్వు గులాబి అయితే వానగాలి వచ్చినట్టు లెక్క. రెండుసార్లు నిజమైంది కూడా. జిన్నింగు మిల్లు వాళ్ళు ఆరుబయట పోసిన పత్తిని ఆయన మాట మీద లోపలికి చేర్చుకుని, మిల్లులోనూ ఒక పువ్వు పెడతామన్నారు. ఆ సంగతి ఆయన మా ఇంట్లోనే మూడుసార్లు చెప్పారు.

ఆ వారమే నేను కిటికీ దగ్గర గంజి వంచాను. ఆవిరి నేరుగా పువ్వు మీదికి పోయింది. అప్పుడు నేను గమనించలేదు.

"గులాబయింది! గులాబయింది!"

సారు చెప్పుల్లేకుండానే మిల్లుకు ఉరికారు. హమాలీలు పత్తంతా లోపలికి మోశారు. సాయంత్రం దాకా మబ్బు తునక లేదు.

"సారూ, మీ పువ్వు అబద్ధమాడింది గద!" అని హమాలీల మీద మేస్త్రీ, మిల్లు ముకద్దం, సారు వాకిట్లోకే వచ్చి నవ్వాడు.

"పువ్వు అబద్ధమాడలే. తడి వచ్చింది, చెప్పింది. ఎక్కడి తడో నేనే సూసుకోలే," అన్నారు సారు.

కిటికీ వెనక నాకు నేను వంచిన గంజి గుర్తొచ్చింది. చెబుదామని ఎన్నిసార్లు గడప దాకా వెళ్ళి తిరిగొచ్చానో. మిల్లులో పువ్వు పెట్టలేదు. ఎదురు గోడ మీది పువ్వు కూడా కనబడలేదు, సిగ్గుపడి తీసేశారనుకున్నాను. పిల్లలు ఆయనకు 'గులాబి సారు' అని పేరు పెట్టారు. మాకు కరీంనగర్ బదిలీ అయ్యేదాకా నేను నోరు విప్పలేదు. భయమని సర్దిచెప్పుకున్నాను గానీ, అది పిరికితనమే.

మొన్న ఆయన భార్య పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ఆయనకు ఎర్కే, బిడ్డా. మరునాడే మేకు పీకి అవతలి గోడకు కొట్టిండు. 'గా పిల్లకు చెప్పకు, అన్నం వండాలంటే భయపడ్తది' అన్నడు."

వచ్చేటప్పుడు ఆమె ఆ పువ్వును నా చేతిలో పెట్టింది.

ఇప్పుడది మా ఇంట్లో ఉంది. అల్మారాలో పెడతాను, తీస్తాను, ఎక్కడ పెట్టాలో తోచదు. ఈ పొద్దున గంజి వంచబోయి, వంటింటి కిటికీలో పెట్టిన పువ్వును చూసి ఆగాను. గిన్నె దించి, పువ్వును తీసుకెళ్ళి అవతలి గోడకు తగిలించి, అప్పుడు వంచాను.